రుచి తగ్గాక కూడా యావ ఎందుకు పెరుగుతుంది? ఉత్తేజక డ్రగ్స్, మెదడు, ఒక తల్లి అడిగిన ప్రశ్నలు

బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక, నాడీ వైద్యశాల దగ్గరి బస్టాపులో అరగంట నిలబడితే నాలుగైదు యాసల తెలుగు చెవిన పడుతుంది. కడప, అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగిన కుటుంబాలు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఫైలు. కొన్ని నెలల కిందట అక్కడే ఒకావిడ మెజెస్టిక్ బస్సు గురించి అడిగింది. నేను తెలుగులో బదులిచ్చేసరికి పక్కనే కూర్చుంది. కొడుకు ఈ ఊళ్లోనే పీజీలో, అంటే అద్దె హాస్టల్లో, ఉండి ఉద్యోగం చేసేవాడట. వారాంతం పార్టీల్లో మొదలైన తెల్లపొడి ఉద్యోగం పోయేదాకా తెచ్చింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడం ఒక్కటే ఉంది.

"వాడికి దాంట్లో ఇప్పుడు సుఖం కూడా లేదంటమ్మా. నోటితో వాడే చెప్పినాడు. సుఖం లేనిదానికి ఎందుకు పోవాల? మూణ్ణెల్లు ముట్టనోడు మళ్లీ ఎట్ల పోయినాడు?"

బంధువులెవరో "వాడికి మానాలని లేదులే" అన్నారట. ఆవిడ అది నమ్మలేదు, కాదనీ అనలేకపోయింది. ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ మెదడు శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా అడుగుతున్నవే. వాటికి ఈరోజు కొంత గట్టి జవాబుంది, ఇంకా వాదనలో ఉన్న జవాబు కూడా కొంత ఉంది. ఆ రోజు బస్సు వచ్చేలోపు చెప్పగలిగింది చాలా తక్కువ. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

మత్తు ఇవ్వని 'మత్తుపదార్థాలు'

మన పత్రికలు డ్రగ్స్ అన్నిటినీ ఒకే గంపలో వేసి మత్తుపదార్థాలు అంటాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది. మత్తు అంటే మనకు తెలిసింది కళ్లు మూతలు పడటం, ఒళ్లు తేలిపోవడం. సారా, నల్లమందు, హెరాయిన్, నిద్రమాత్రలు ఆ కోవలోవి. ఉత్తేజకాలు దానికి పూర్తిగా ఎదురు. అవి తీసుకున్నవాడికి నిద్ర పట్టదు, ఆకలి వేయదు. మాటల వేగం, గుండె దడ, ధీమా అన్నీ పెరుగుతాయి. అందుకే మొదట్లో ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. తూగుతూ వచ్చే కొడుకును పసిగట్టగలరు కానీ, రాత్రంతా మేలుకుని చురుగ్గా పనిచేసే కొడుకును చూసి కష్టపడుతున్నాడనే అనుకుంటారు.

ఈ కుటుంబంలో పెద్దది కొకైన్. కోకా ఆకులో ఉండే ఈ పదార్థాన్ని 1860 ప్రాంతంలో జర్మనీలో వేరుచేశారు. ఆంఫెటమిన్‌ను 1887లో, మెథాంఫెటమిన్‌ను 1893లో ప్రయోగశాలల్లో తయారుచేశారు. ఐస్, క్రిస్టల్ అంటున్నది ఈ రెండోదాన్నే. బెంగళూరు పోలీసుల వార్తల్లో తరచూ కనిపించే ఎండీఎంఏ, మెఫెడ్రోన్ వీటికి దగ్గరి చుట్టాలు. ఎండీఎంఏ డోపమిన్ కంటే సెరటోనిన్ అనే మరో రసాయనం మీద ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి కింద చెప్పే కథ దానికి పూర్తిగా అతకదు. గంజాయి ఈ జాతి కాదు. కాఫీలోని కెఫీన్ కూడా ఉత్తేజకమే కానీ దాని దారి వేరు. అలసటను కబురు చేసే అడినోసిన్ అనే రసాయనం కూర్చునే చోట్లను అది ముందే ఆక్రమిస్తుంది, అంతవరకే.

2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల జనాభాలో కొకైన్ వాడినవారు 0.10 శాతం, ఆంఫెటమిన్ జాతి ఉత్తేజకాలు వాడినవారు 0.18 శాతం. మద్యం తాగేవారు 14.6 శాతం. అంటే దేశం మొత్తంలో ఇది చిన్న సమస్యే. కానీ ఇది దేశపు సగటు, పీజీ గదుల లెక్క వేరేగా ఉండొచ్చు. పైగా 0.18 శాతంలో తన కొడుకున్న తల్లికి సగటుతో పనేముంది?

డోపమిన్ గురించి మనం తప్పుగా విన్నది

డోపమిన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనమని ఇప్పుడు స్కూలు పిల్లలు కూడా చెప్తున్నారు. ఈ మాట సగమే నిజం. ఆ తప్పు సగాన్ని సరిదిద్దుకోకపోతే ఆ తల్లి మొదటి ప్రశ్నకు జవాబు దొరకదు.

1954లో కెనడాలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ దించి, మీట నొక్కితే అక్కడ చిన్న విద్యుత్ తగిలేలా చేశారు. తీగ కొన్ని చోట్ల ఉన్నప్పుడు ఎలుకలు గంటల తరబడి మీట నొక్కుతూనే ఉన్నాయి. సుఖకేంద్రం దొరికిందని లోకం అనుకుంది. ఆ దారుల్లో ముఖ్యమైనది డోపమిన్ దారి అని తర్వాత తేలింది. నడిమెదడులోని ఒక చిన్న కణాల గుంపు నుంచి న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగానికి, నుదుటి వెనక భాగానికి కూడా ఈ దారి వెళ్తుంది.

కొన్నేళ్లకు కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఒక చిత్రమైన సంగతి చూశారు. ఎలుక నాలుక మీద చక్కెర నీళ్లు వేస్తే అది పెదవులు నాక్కుంటుంది, పసిపిల్లలు తీపికి చేసినట్టే. మెదడులో డోపమిన్‌ను దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుక కూడా అలాగే నాక్కుంది. రుచి పోలేదు. కానీ ఆ తిండి కోసం అది అడుగు కదపదు, ఎదురుగా పెట్టినా తినదు. అంటే డోపమిన్ పోయినప్పుడు పోయింది రుచి కాదు, యావ. తెలుగులో మనకు ఈ రెండు మాటలూ విడివిడిగా ఉండటం అదృష్టం. శాస్త్రం చాలా తంటాలు పడి విడదీసినదాన్ని మనం రోజూ మాటల్లో విడదీస్తూనే ఉన్నాం. "వాడికి డబ్బు యావ" అంటాం, డబ్బు వాడికి సుఖమిస్తోందని ఆ మాటకు అర్థం కాదు.

ఇంతకీ మామూలు రోజుల్లో డోపమిన్ చేసే పనేమిటి? కోతుల మెదడులో డోపమిన్ కణాలను వోల్ఫ్రామ్ షుల్ట్స్ ఏళ్ల తరబడి గమనించి, 1990ల్లో దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చాడు. ఈ కణాలు చూపేది అందినదాన్ని కాదు, అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాను.

ఒక ఉదాహరణ చూద్దాం. నంద్యాల నుంచి వచ్చిన కుర్రవాడు బీటీఎం లేఅవుట్ పీజీలో దిగాడు. పక్క సందులోని దర్శినిలో మసాలా దోసె తిన్నాడు, బ్రహ్మాండంగా ఉంది. ఆ దోసె విలువ 10 అనుకుందాం. ముందు ఏమీ ఊహించలేదు కాబట్టి అంచనా 0, తేడా 10. మెదడు ప్రతిసారీ ఆ తేడాలో సగం మేర అంచనాను సవరించుకుంటుందనుకుందాం. రెండోసారి వెళ్లేటప్పుడు అంచనా 5, తేడా 5. మూడోసారి అంచనా 7.5, తేడా 2.5. నాలుగోసారి తేడా 1.25. పదిసార్లకు తేడా దాదాపు సున్నా అవుతుంది. దోసె రుచి తగ్గలేదు, నేర్చుకోవాల్సింది అయిపోయింది. ఇప్పుడు డోపమిన్ కణాలు దోసె నోట్లో పెట్టుకున్నప్పుడు పలకవు. సందు మలుపులో నెయ్యి వాసన తగలగానే పలుకుతాయి. ఒకరోజు దుకాణం మూసి ఉంటే ఒక్కసారిగా మూగబోతాయి. ఆ మూగబోవడం కూడా పాఠమే: అంచనా తగ్గించుకో అని.

డ్రగ్ దగ్గర ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది

బెంగళూరు ఇళ్లలో ఉన్నవాళ్లకు సంపు, మోటారు, పైన ట్యాంకు కొత్తగా చెప్పక్కర్లేదు. నాడీకణం డోపమిన్‌ను ట్యాంకు లాంటి చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటుంది. కబురు పంపాల్సినప్పుడు కొంచెం బయటికి వదులుతుంది. అది పక్క కణానికి తగిలి, పని కాగానే ట్రాన్స్‌పోర్టర్ అనే మోటారు దాన్ని మళ్లీ లోపలికి తోడేస్తుంది. కొకైన్ ఆ మోటారును ఆపేస్తుంది, వదిలిన డోపమిన్ బయటే నిలిచిపోతుంది. ఆంఫెటమిన్, మెథాంఫెటమిన్ ఇంకో అడుగు ముందుకు వేస్తాయి. అవి కణంలోకి దూరి సంచుల్లోంచి డోపమిన్‌ను బయటికి కార్పించి, మోటారును వెనక్కి తిప్పుతాయి. లోపలికి తోడాల్సిన మోటారే బయటికి పోస్తుంది. ఎలుకల్లో కొలిచినప్పుడు ఇష్టమైన తిండితో డోపమిన్ మామూలు మట్టానికి ఒకటిన్నర రెట్లు అయితే, ఆంఫెటమిన్‌తో మోతాదును బట్టి దాదాపు పది రెట్ల దాకా పోయింది.

పరిమాణం కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. దోసె ఇచ్చే డోపమిన్ ఆ తేడా లెక్క గుండానే వస్తుంది, డ్రగ్ ఇచ్చేది ఆ లెక్కను పక్కన పెట్టి నేరుగా వస్తుంది. 2004లో డేవిడ్ రెడిష్ దీన్ని గణితంలో పెట్టి చూపించాడు. అదే నమూనాను మన అంకెల్లో చూద్దాం. డ్రగ్ అనుభవం విలువ కూడా 10 అనుకోండి. దానికి తోడు రసాయనం తనంతట తాను చేర్చే 4 ఉంది, ఎంత నేర్చుకున్నా ఆ 4 పోదు. మొదటిసారి తేడా 14, అంచనా 7 అవుతుంది. రెండోసారి అసలు తేడా 3, దానికి 4 కలిపితే 7, అంచనా 10.5కు చేరుతుంది. ఇప్పుడు అంచనా నిజమైన విలువను దాటేసింది. మామూలుగా అయితే ఇక్కడ మెదడు నిరాశపడి వెనక్కి తగ్గాలి. కానీ డ్రగ్ ఆ తేడాను 4 కంటే కిందికి పోనివ్వదు. అక్కడి నుంచి ప్రతిసారీ అంచనా 2 చొప్పున పెరుగుతూ పోతుంది. 20 సార్లు వాడేసరికి అంచనా 46.5. చేతికందేది ఇంకా 10 మాత్రమే.

ఈ నమూనా నన్ను చాలా ఆకట్టుకుంది. అయినా దీన్నే పూర్తి నిజమని చెప్పడం సరికాదు. 2007లో ఎలుకల మీద కొకైన్‌తో దీన్ని పరీక్షించారు. ఈ లెక్క ప్రకారం ఆగకూడని ఒక రకం నేర్చుకోవడం అక్కడ మామూలుగానే ఆగిపోయింది. అంటే డ్రగ్ విషయంలోనూ మెదడు కొంతవరకు లెక్క సరిచూసుకుంటోంది. నమూనా దిక్కు చూపిస్తుంది, కొలత సరిగా చెప్పదు.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత కుదరని సమస్య, ఉన్న పిల్లలకు డాక్టర్లు రాసే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర కూడా కొకైన్ ఆపే మోటారునే ఆపుతుంది. ఈ మాట విని మందు మానిపించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. వారికి ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, మింగిన మాత్ర గంట పైగా సమయం తీసుకుని మెల్లగా ఎక్కుతుంది. పొగగా పీల్చినదీ, సూదితో ఎక్కించినదీ సెకన్లలో చేరుతుంది. మెదడు ఆ హఠాత్తు దూకుడునే పెద్ద వార్తగా తీసుకుంటుంది. డాక్టరు చెప్పిన మోతాదులో మింగిన మాత్రకూ, అదే మాత్రను పొడిచేసి పీల్చడానికీ ఇంత తేడా అందుకే.

ఒకే మెదడులో రెండు దిక్కులుగా వచ్చే మార్పు

పదే పదే తీసుకుంటే ఏమవుతుంది? అలవాటు పడిపోయి మోతాదు పెంచాల్సి వస్తుందని అందరికీ తెలుసు, దాన్నే టాలరెన్స్ అంటారు. మోతాదు పెంచకపోయినా కొన్ని స్పందనలు పెరుగుతూ పోతాయన్నది తక్కువమందికి తెలుసు. ఎలుకకు ఒకే మోతాదు ఆంఫెటమిన్‌ను రోజు విడిచి రోజు ఇస్తే, మొదటి రోజు కంటే ఐదోసారి ఎక్కువగా పరుగులు పెడుతుంది. వారాల తరబడి ఆపి, మళ్లీ అంతే ఇచ్చినా ఆ పెరుగుదల అలాగే ఉంటుంది. దీన్ని సెన్సిటైజేషన్ అంటారు. తెలుగులో చెప్పాలంటే రాజుకుని ఉండటం. నివురు కింద నిప్పులా కొద్దిగా ఊదితే చాలు.

1993లో రాబిన్సన్, బెరిడ్జ్ ఈ రెండింటినీ కలిపి ఒక సిద్ధాంతం చెప్పారు. డ్రగ్ ఇచ్చే హాయికి మెదడు అలవాటు పడుతుంది, అది రోజురోజుకీ పలచబడుతుంది. దాన్ని కోరించే వ్యవస్థ మాత్రం రాజుకుని రోజురోజుకీ పదునెక్కుతుంది. రుచి కిందికి, యావ పైకి. ఆ తల్లి మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో సూటి జవాబు ఇదే. సుఖం లేదని కొడుకు అన్న మాట అబద్ధం కానక్కర్లేదు. సుఖం లేకుండానే లాగుతోందన్నదీ అంతే నిజం కావచ్చు.

అయితే మనుషుల మెదడు స్కాన్లు ఈ కథను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. నోరా వోల్కో బృందం కొకైన్ మానిన మనుషులకు ఉత్తేజకం ఇచ్చి డోపమిన్ కొలిచింది. మామూలు మనుషుల్లో కంటే వారిలో డోపమిన్ తక్కువగా విడుదలైంది, హాయి కూడా తక్కువే. డోపమిన్ అందుకునే డీ2 రిసెప్టర్లు కూడా వారిలో తక్కువగా ఉన్నాయి. అంటే వ్యవస్థ రాజుకోలేదు, చల్లబడిందని ఆ బృందం వాదన. దానికి ఎదురుగా 2006లో కెనడాలో మరో ప్రయోగం జరిగింది. ఎప్పుడూ అలవాటు లేని ఆరోగ్యవంతులైన మగవారికి కొద్ది రోజుల వ్యవధిలో మూడుసార్లు ఆంఫెటమిన్ ఇచ్చారు. ఏడాది తర్వాత అదే మోతాదు ఇస్తే మొదటిసారి కంటే ఎక్కువ డోపమిన్ విడుదలైంది.

ఏది నిజం? రెండూ నిజమై ఉండొచ్చని నాకు అనిపించడానికి కారణం ఎలుకల ప్రయోగాల్లోనే ఉంది. ఎలుక ఉండే సొంత పంజరంలో ఆంఫెటమిన్ ఇస్తే ఈ రాజుకోవడం తక్కువ. దాన్ని వేరే కొత్త చోటికి తీసుకెళ్లి ఇస్తే చాలా ఎక్కువ. ఆ తర్వాత ఆ చోటు కనిపిస్తే పెరిగిన స్పందన పూర్తిగా బయటపడుతుంది, కనిపించకపోతే చాలాసార్లు బయటపడదు. మనుషులను స్కాన్ చేసేది ఆసుపత్రి గదిలో, యంత్రంలో పడుకోబెట్టి. వాడిన గదీ లేదు, స్నేహితులూ లేరు, శుక్రవారం రాత్రీ కాదు. రాజుకున్నది అక్కడ నివురు కిందే ఉండిపోవచ్చు. వోల్కో బృందమే 2006లో కొకైన్ వాడుతున్న దృశ్యాల వీడియోను అలవాటున్నవారికి చూపించి కొలిచినప్పుడు, డ్రగ్ ఏమీ ఇవ్వకుండానే మెదడు లోపలి డోర్సల్ స్ట్రయేటమ్‌లో డోపమిన్ పెరిగింది. ఎవరికి ఎక్కువ పెరిగిందో వారికే యావ కూడా ఎక్కువ.

ఈ మార్పులు గాలిలో ఉండవు, కణాల ఆకారంలో కనిపిస్తాయి. పదే పదే ఆంఫెటమిన్ ఇచ్చిన ఎలుకల అకంబెన్స్ కణాల కొమ్మల మీద ముళ్ల లాంటి బుడిపెలు పెరిగాయని 1997లో చూశారు. నేర్చుకున్నప్పుడు కణాల మధ్య కొత్త ముడులు పడేది అక్కడే. ఒక్కసారి కొకైన్ ఇచ్చినా డోపమిన్ కణాలకు వచ్చే సంకేతాలు బలపడ్డాయనీ, ఐదు రోజుల తర్వాత కూడా ఆ బలం ఉందనీ, పది రోజులకు పోయిందనీ 2001లో తేలింది. డెల్టా ఫాస్‌బీ అనే ప్రొటీన్ మాత్రం వాడినకొద్దీ పోగుపడి, ఆపాక కూడా వారాల పాటు కణంలో ఉండి ఏ జన్యువులు పనిచేయాలో మారుస్తుంది. జ్ఞాపకం పెట్టుకోవడానికి మెదడు వాడే పనిముట్లే ఇవన్నీ. అందుకే దీన్ని గాయం అనడం కంటే, చెరపడం కష్టమైన పాఠం అనడం నాకు సరిగా తోస్తుంది. మెథాంఫెటమిన్ ఎక్కువ మోతాదుల్లో డోపమిన్ నరాల కొసలకు నిజమైన గాయం కూడా చేస్తుంది.

అలవాటుగా మారడం, పట్టు తప్పడం

మొదట్లో కావాలని వెళ్తారు. కొన్నాళ్లకు ఆ పని కావాలనుకోకుండానే జరిగిపోతుంది. బండి నడిపేటప్పుడు క్లచ్ ఎప్పుడు నొక్కామో గుర్తుండనట్టు. బారీ ఎవరిట్, ట్రెవర్ రాబిన్స్ చెప్పిందేమిటంటే, వాడేకొద్దీ పగ్గం మెదడులో అకంబెన్స్ నుంచి డోర్సల్ స్ట్రయేటమ్‌కు, అంటే అలవాట్లు నడిపే భాగానికి చేతులు మారుతుంది. అదే సమయంలో నుదుటి వెనక భాగం, 'ఆగు, రేపు ఆఫీసుంది' అని చెప్పే భాగం, మందగిస్తుంది. కొకైన్ కోసం పాదాలకు షాక్ తగిలినా ఆగని ఎలుకల్లో ఆ ముందుభాగపు కణాలు నీరసంగా ఉన్నాయనీ, వాటిని కాంతితో ఉత్తేజపరిస్తే ఎలుకలు వెనక్కి తగ్గాయనీ 2013లో చూపించారు. దీని ఆధారంగా మనుషుల తలపై అయస్కాంత తరంగాలతో చికిత్స ప్రయత్నాలు జరుగుతున్నాయి, ఫలితాలు ఇంకా ఒకే తీరుగా లేవు.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుంది? నిన్న ఒట్టు పెట్టి ఈరోజు తప్పుతాడు. ఒట్టు పెట్టినప్పుడు మాట్లాడింది నుదుటి వెనక భాగం. తప్పినప్పుడు పగ్గం దాని చేతిలో లేదు. మెథాంఫెటమిన్ ఎక్కువగా వాడినవారిలో అనుమానాలు, ఎవరో వెంటాడుతున్నారన్న భయం, లేని గొంతులు వినిపించడం కూడా వస్తాయి. ఒకసారి వచ్చినవారికి తర్వాత చిన్న మోతాదుకో, ఒక్కోసారి వట్టి టెన్షన్‌కో మళ్లీ రావడం డాక్టర్లు చూస్తుంటారు. రాజుకుని ఉండటమంటే ఇదే అయి ఉండొచ్చు.

మూణ్ణెల్ల తర్వాత ఎందుకు

రెండో ప్రశ్నకు వద్దాం. ఆపిన మొదటి రోజుల్లో మనిషి కుప్పకూలతాడు. రోజంతా నిద్ర, విపరీతమైన ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. మద్యంలా చేతులు వణకవు, హెరాయిన్‌లా ఒళ్లు విరుచుకుపోదు. వారం పది రోజుల్లో మొహం తేటపడుతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు.

2001లో యవీన్ షహమ్ బృందం చేసిన ప్రయోగం ఇక్కడ కీలకం. మీట నొక్కి కొకైన్ పొందడం నేర్చిన ఎలుకలకు డ్రగ్ ఆపేశారు. కొన్నింటిని మర్నాడు, కొన్నింటిని వారాల తర్వాత మళ్లీ ఆ మీట దగ్గరికి, ఆ వెలుగుకూ ఆ శబ్దానికీ ఎదురుగా తెచ్చారు. మర్నాటి ఎలుకల కంటే నెల తర్వాతవి, వాటికంటే రెండు నెలల తర్వాతవి ఎక్కువసార్లు మీట నొక్కాయి. కాలం గడిస్తే యావ చల్లారాలి కదా, ఇక్కడ మాగింది. గడ్డిలో పెట్టిన కాయలా.

మనుషుల్లో? 2016లో కొకైన్ మానినవారికి ఆ డ్రగ్ బొమ్మలు చూపించి మెదడు తరంగాలు కొలిచారు. మానిన రెండు రోజులకు, వారానికి, నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఉన్నవారు వేర్వేరు. బొమ్మలకు మెదడు స్పందన నెలకూ ఆరు నెలలకూ పెరిగి, ఏడాదికి తగ్గింది. కానీ 'ఎంత కావాలనిపిస్తోంది' అని నోటితో అడిగితే చెప్పిన అంకె మొదటి నుంచీ తగ్గుతూనే వచ్చింది. మూడో నెలలో కొడుకు "నాకిప్పుడు ఏమీ అనిపించట్లేదమ్మా" అంటే మనస్ఫూర్తిగానే అని ఉంటాడు. అది వింటున్న తల్లికీ, అంటున్న కొడుక్కీ లోపల ఏం మాగుతోందో తెలియదు.

ఎప్పుడు మళ్లీ మొదలైందని ఆవిడను అడిగాను. "గదిలో సామాన్లుండె, తెచ్చుకుంటానని పోయినాడు. ఒక్క దినం." అదే పీజీ, అదే గది.

జబ్బా, ఎంపికా?

1997లో అమెరికా డ్రగ్ పరిశోధన సంస్థ అధిపతి అలన్ లెష్నర్, వ్యసనం మెదడు జబ్బు అని గట్టిగా ప్రకటించాడు. తర్వాత అదే పదవిలోకి వచ్చిన వోల్కో ఆ వాదాన్ని ముందుకు తీసుకెళ్లింది. సిగ్గు తగ్గుతుంది, చికిత్సకు డబ్బు వస్తుంది, శిక్షకు బదులు వైద్యం దొరుకుతుందన్నది ఈ వాదపు బలం. గుండెజబ్బు ఉన్నవాణ్ణి మనం తిట్టం కదా.

ఎదుటి పక్షం కూడా తేలికైనది కాదు. మార్క్ లూయిస్ అనే నాడీశాస్త్రవేత్త, యవ్వనంలో స్వయంగా వ్యసనంలో పడి బయటపడినవాడు, మెదడు మారినంత మాత్రాన జబ్బు అనకూడదంటాడు. సంగీతం నేర్చినా మెదడు మారుతుంది, ఇది చాలా లోతుగా దిగిన నేర్పు అని ఆయన మాట. జీన్ హేమన్, వాడినవారిలో చాలామంది కాలక్రమంలో ఉద్యోగం, పెళ్లి, పిల్లల వంటి కారణాలతో మానేస్తున్నారని చూపించి, కారణాలకు లొంగేదాన్ని జబ్బు అని ఎలా అంటామని అడుగుతాడు.

ప్రయోగాలు రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్తాయి. 2004లో ఫ్రాన్స్‌లో ఎలుకలకు మూడు నెలల పాటు కొకైన్ అందుబాటులో ఉంచితే, వ్యసనం లక్షణాలన్నీ కనిపించినవి 17 శాతమే. అక్కడే 2007లో ఎలుకలకు తీపి నీళ్లో కొకైనో ఒకటి ఎంచుకోమంటే ఎక్కువ శాతం తీపి నీళ్లే ఎంచుకున్నాయి. 2018లో మెథాంఫెటమిన్‌కు అలవాటు పడిన ఎలుకలకు, మీట నొక్కితే తోటి ఎలుకతో కాసేపు గడపొచ్చనే వీలు ఇస్తే దాదాపు అన్నీ తోడునే కోరుకున్నాయి. ఒంటరి పంజరంలో చూసినదాన్ని డ్రగ్ శక్తి అనుకున్నాం, అందులో కొంత ఒంటరితనపు శక్తి.

ఏది ముందు అన్న ప్రశ్న కూడా ఉంది. 2012లో కేంబ్రిడ్జ్‌లో ఉత్తేజకాల వ్యసనం ఉన్నవారిని, ఏ వ్యసనమూ లేని వారి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చారు. తనను తాను ఆపుకునే మెదడు దారుల్లో లోపం ఇద్దరిలోనూ కనిపించింది. అంటే కొంత బలహీనత డ్రగ్ కంటే ముందే ఉంది. ఆ బలహీనత ఉండి కూడా తోబుట్టువు ఆ దారి పట్టలేదు. కోతుల్లో మరో కోణం కనిపించింది. గుంపులో పైచేయి అయిన కోతికి డీ2 రిసెప్టర్లు పెరిగాయి, అది కొకైన్‌ను తక్కువ వాడింది. బతుకులో మన స్థానం మెదడును మారుస్తుంది, ఆ మెదడు డ్రగ్‌కు ఎంత లొంగాలో నిర్ణయిస్తుంది.

మన చట్టం కూడా రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 27వ సెక్షన్ వాడినవాణ్ణి శిక్షిస్తుంది. 64ఏ సెక్షన్, వాడినందుకో కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు పడిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తానుగా చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. జబ్బు అన్న మాట నాకు పూర్తిగా నచ్చదు. ఎంపిక అన్న మాట ఆ బస్టాపులో కూర్చున్న మనిషి ముందు పలకలేను. ఎంచుకునే యంత్రమే దెబ్బతిన్న మనిషికి, ఆ యంత్రం పూర్తిగా ఆగిపోలేదు అని చెప్పగలిగే మాట ఏదో మనకు కావాలి.

ఎంత వెనక్కి వస్తుంది

హెరాయిన్ వ్యసనానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులున్నాయి. కొకైన్, మెథాంఫెటమిన్ వ్యసనాలకు అలా ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇప్పటికీ లేదు. ఇంతవరకు బాగా పనిచేసినదిగా తేలింది చాలా సాదాగా ఉంటుంది. పరీక్షలో డ్రగ్ లేదని తేలిన ప్రతిసారీ అక్కడికక్కడే ఒక చిన్న బహుమతి ఇవ్వడం. లోకం నుంచి వచ్చే నిజమైన 'తేడా'ను మెదడుకు మళ్లీ నేర్పడం అన్నమాట. దాన్ని సలహా, కుటుంబ సాయాలతో కలిపి ఇస్తారు.

మెథాంఫెటమిన్ మానినవారిని వోల్కో బృందం 2001లో మళ్లీ స్కాన్ చేసింది. తక్కువ కాలం మానినప్పుడు డోపమిన్ మోటార్లు బాగా తగ్గి ఉన్నాయి. 12 నుంచి 17 నెలలు ముట్టకుండా ఉన్నాక అదే మనుషుల్లో అవి చెప్పుకోదగినంత తిరిగి వచ్చాయి. జ్ఞాపకశక్తి, చేతుల వేగం పరీక్షల్లో మాత్రం అంత మెరుగు కనిపించలేదు. చూసింది కొద్దిమందినే కాబట్టి ఆ అంకెను గడువుగా తీసుకోకూడదు.

మెజెస్టిక్ బస్సు వచ్చింది. ఆవిడ ఫైలు కవరు మడిచి చంకలో పెట్టుకుంటూ, "బాగుపడేదానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అంది. ఏడాది, ఏడాదిన్నర పట్టొచ్చు అన్నాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "మూణ్ణెల్లు వాడు ఉండినాడు గదా, అది లెక్కలోకి రాదా?" అని మెట్టెక్కుతూ అడిగింది. వస్తుంది అన్నాను. మెదడులో పడిన ఆ ముడులు అంత తేలిగ్గా చెరిగిపోవు కానీ, కొత్త పాఠం వాటి పక్కనే, వాటి మీదుగా నేర్చుకోవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది ఇంకా అక్కడే ఉంది. ఆ గది దూరంగా ఉంటే అది ఎక్కువ పనికొస్తుంది అన్నాను. ఆవిడ కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోను తీసి ఎవరికో చేసింది, సామాన్లు ఇంకా ఏమన్నా మిగిలినాయా అని అడుగుతోంది.